దుఃఖం పడ్డ ఇంట్ల ఆలుమగల దగ్గరితనం: జాతకం చెప్పేదెంత, శరీరం అడిగేదెంత

నిర్వాహకురాలు, హనుమకొండ

ఇంట్ల మనిషి పోతే పిట్టకు పెట్టుడు కాడి నుంచి పెద్దకర్మ దాక ఏ రోజు ఏం చెయ్యాల్నో చెప్పేటోళ్లు పదిమంది ఉంటరు. చుట్టాలు ఎవరి ఊరికి వాళ్లు పోయినంక, అదే మంచం మీద ఇద్దరు చెరో దిక్కు మొకం పెట్టి పండుకుంటే, అది ఎన్ని దినాలు మామూలు, ఎప్పుడు సాయం అడగాలె అని చెప్పేటోళ్లు మాత్రం దొరకరు. అడిగిన ఒకరిద్దరికి కూడ "జాతకం చూపించుకోండ్రి" అనే జవాబే వస్తది. అందుకే జాతకం తెలిసినోళ్లను, వైద్యం తెలిసినోళ్లను ఒక్కదగ్గరికి ఈ చర్చకు పిలిచినం.

ఒక్కటే నియమం. ఎవరి పుట్టిన తేదీ, సమయం, పేరు ఇక్కడ పెట్టొద్దు. సంగతి గురించి మాట్లాడుకుందం.

కౌన్సెలర్, కాజీపేట

దుఃఖంలో కోరిక చచ్చిపోతుందని అందరూ అంటారు. నిజానికి చచ్చిపోదు. అమెరికాలోని లైంగిక పరిశోధన సంస్థ కిన్సే ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన బ్యాంక్రాఫ్ట్, జాన్సెన్ కోరికను రెండు పెడల్స్‌తో పోల్చగలిగేలా వివరించారు: ఒకటి యాక్సిలరేటర్, ఒకటి బ్రేకు. దుఃఖం ముందు తొక్కేది బ్రేకును. మనిషి పోయిన ఇంట్లో సుఖపడటం తప్పు అనే భావన, పక్క గదిలో అమ్మ ఏడుస్తున్న చప్పుడు, ఆసుపత్రి బిల్లుల అప్పు, నిద్ర లేకపోవడం, ఇవన్నీ బ్రేకు మీద కాళ్లే. ఇన్ని కాళ్లు బ్రేకు మీద ఉన్నప్పుడు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి కదలదు. భార్యకు చీర కొనిచ్చి, భర్తకు లేహ్యం తినిపించి "ఇంకా మారలేదు" అనుకునేవాళ్లు చేసే పొరపాటు ఇదే. ముందు బ్రేకు మీది కాళ్లు ఒక్కొక్కటిగా తీయాలి.

శరీరంలో జరిగేది కూడా చెప్తాను. ఒత్తిడి ఎక్కువైతే కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది నెలల తరబడి పెరిగే ఉంటే మెదడు నుంచి అండాశయాలకు, వృషణాలకు వెళ్లే సంకేతం తగ్గుతుంది. మగవాళ్లలో టెస్టోస్టిరాన్ చాలావరకు నిద్రలోనే తయారవుతుంది కాబట్టి రాత్రుళ్లు మేలుకుంటే అదీ పడిపోతుంది. ఆడవాళ్లకు నెలసరి తప్పొచ్చు, ముందుకో వెనక్కో జరగొచ్చు.

దీనికి పూర్తిగా ఉల్టా కూడా జరుగుతుంది. దినాలు ముగిసిన వారంలోనే కొందరికి కోరిక మామూలుకంటే ఎక్కువవుతుంది. చావును అంత దగ్గరగా చూసిన శరీరం ఇంకో శరీరపు వేడిని వెతుక్కుంటుంది. ఇదీ దుఃఖమే. కానీ పక్కనున్న మనిషికి అది "వీనికి బాధే లేదు" అన్నట్టు కనిపిస్తుంది. మా దగ్గరికి వచ్చే జంటల్లో ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే: ఒకరు దగ్గరికి రావడం, ఇంకొకరు దాన్ని అవమానంగా తీసుకోవడం. 1999లో స్ట్రోబ్, షుట్ అనే పరిశోధకులు చెప్పినదాని ప్రకారం దుఃఖంలో మనిషి రెండు వైపులకూ ఊగుతుంటాడు. కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు వైపు. భార్యాభర్తలు ఇద్దరూ ఒకే సమయంలో ఒకే వైపు ఊగరు. ఆయన బతుకు వైపు ఉన్న రాత్రి ఆమె పోయినవాళ్ల వైపు ఉంటుంది. ఈ ఒక్క సంగతి ఇద్దరికీ ఒకేచోట కూర్చోబెట్టి చెప్తే సగం కోపం అక్కడికక్కడే తగ్గుతుంది.

దుఃఖానికి ఐదు దశలు ఉంటాయన్న సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి ముందే చెప్తున్నా. 1969లో వచ్చిన ఆ దశలు చావుకు దగ్గరైన రోగులను చూసి రాసినవి. వాటిని మెట్ల లెక్క ఎక్కి, "ఇంకా రెండు దశలు ఉన్నయి, తర్వాత పడకగది" అనుకోవద్దు.

జ్యోతిష్యం, హనుమకొండ

శాస్త్రం వైపు నుంచి నాకు తోచినది రాస్తాను. జాతకంలో పన్నెండో స్థానం వ్యయానిది, పోగొట్టుకోవడానిది. శయన సుఖం చూసేదీ ఆ స్థానంలోనే. ఎనిమిదో స్థానం ఆయుస్సుకు, మరణానికి. గుహ్యాంగాలు, స్త్రీ జాతకంలో మాంగల్యం చూసేదీ అదే. చావును, పడకను ఒకే ఇంట్లో పెట్టిన పెద్దలు ఈ రెండింటికీ ఉన్న పొత్తును ఎప్పుడో గమనించారని నేననుకుంటాను. ఏడో స్థానం భాగస్వామిది, నాలుగోది సుఖానిది. చంద్రుడు మనసుకు, శుక్రుడు కామానికి, శని దుఃఖానికి కారకులు. కేతువు తెగదెంపులకు.

దుఃఖంలో ఉన్న జంట జాతకం చూపిస్తే నేను ఆ గ్రహాన్నీ ఈ దోషాన్నీ వెతకను. నడిచే దశ ఏమిటి, ఎంత కాలం అన్నదే చూస్తాను. గ్రహ దశలను కట్టే వింశోత్తరి లెక్క మొత్తం 120 ఏళ్లు. శుక్ర మహాదశ 20 ఏళ్లు, శని 19, చంద్ర 10, కేతు 7. మహాదశ లోపల వచ్చే చిన్న దశను, అంటే అంతర్దశను కట్టాలంటే రెండు గ్రహాల ఏళ్లనూ గుణించి 120తో భాగించాలి. శుక్రునిలో శని 3 సంవత్సరాల 2 నెలలు. శుక్రునిలో కేతువు 1 సంవత్సరం 2 నెలలు. శనిలో చంద్రుడు 1 సంవత్సరం 7 నెలలు. చంద్రునిలో కేతువు 7 నెలలే. ఈ కాలాల్లో మనసు పడక నుంచి పక్కకు జరుగుతుందని సంప్రదాయం. దీని అసలు ఉపయోగం ఏమిటంటే, "ఇది ఇక ఇంతే" అనుకునే మనిషికి ముందు ఒక తేదీ కనిపిస్తుంది. గడువు ఉన్న బరువును మనిషి మోయగలడు.

ఇంకో చిన్న లెక్క. చంద్రుడు 27 రోజుల చిల్లరలో రాశిచక్రం చుట్టి వస్తాడు, ఒక్కో రాశిలో రెండుంబావు రోజులు. పుట్టినప్పుడు శని ఉన్న రాశిలోకి, జన్మరాశి నుంచి ఎనిమిదో రాశిలోకి వచ్చినప్పుడు మనసు కుంగుతుందంటారు. ఇద్దరి జాతకాల్లో ఆ రోజులను క్యాలెండర్‌లో పెన్సిల్‌తో గీయమంటాను. పోయినవాళ్ల తిథి నెలనెలా వచ్చే రోజు కూడా గీయాలి. ఆ రోజుల్లో ఒకరినొకరు ఏమీ అడగకండి, పక్కన కూర్చోండి, చాలు.

ఒక సభ్యురాలు, మహబూబాబాద్

సిద్ధాంతి గారూ, మీరు చెప్పింది మంచిగనే ఉంది. కని ఇండ్లల్ల జరిగేది వేరే. "ఏలినాటి శనితోని వచ్చి నా కొడుకును మింగింది" అని కోడలిని అంటరు. బతికున్న మొగడు కూడ "నీ జాతకంల పన్నెండు బాలేదట, అందుకే నీకు మనసు వస్తలేదు" అంటడు. జాతకం ఇద్దరి నడుమ కర్ర అయితున్నది. దీనికేం చెప్తరు?

జ్యోతిష్యం, హనుమకొండ

అక్కా, మీరు అడిగినందుకు దండం. లెక్కతోనే జవాబు చెప్తాను.

ఏలినాటి శని అంటే జన్మరాశికి పన్నెండు, ఒకటి, రెండు స్థానాల్లో శని ఉండడం, ఏడున్నరేళ్లు. ఏ రోజు తీసుకున్నా పన్నెండు రాశుల్లో మూడింటికి అది నడుస్తూనే ఉంటుంది, అంటే సుమారు నలుగురిలో ఒకరికి. దృక్ గణితం ప్రకారం 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాడు. కుంభ, మీన, మేష రాశులకు ఏలినాటి, సింహానికి అష్టమ (ఎనిమిదింట) శని, ధనుస్సుకు అర్ధాష్టమ (నాలుగింట) శని. కలిపితే ఐదు రాశులు. వరంగల్ జనంలో దాదాపు సగం మంది ఏదో ఒక శనిలో ఉన్నట్టే. వాళ్లందరి ఇండ్లల్లో చావులు జరుగుతున్నాయా? కుజదోషమూ అంతే. లగ్నం నుంచి చూస్తేనే పన్నెండు స్థానాల్లో ఐదింట కుజుడు ఉంటే దోషమంటారు. చంద్రుని నుంచి, శుక్రుని నుంచి కూడా లెక్క కడితే దోషం లేని జాతకం దొరకడమే కష్టం.

భార్య జాతకం చూసి భర్త చావును ఆమె మీద వేసేవాళ్లు శాస్త్రం చెప్పడం లేదు. పోయినాయన ఆయుస్సు ఆయన జాతకంలోనే చూడాలన్నది మొదటి పాఠం. ఇక పడక సంగతి. కోరిక లేకపోవడాన్ని జాతకం పేరుతో నేరం చేయకూడదు, శుక్ర దశ ఉందని చెప్పి ఇష్టం లేని మనిషిని బలవంతపెట్టకూడదు. ఏ దశా ఇంకొకరి శరీరం మీద ఎవరికీ హక్కు ఇవ్వదు.

నీలం, వజ్రం ఉంగరాలు చెప్పేవాళ్ల దగ్గర జాగ్రత్త. మనిషి పోయిన మొదటి మూడు నెలల్లో వేలు ఖర్చయ్యే ఏ రత్నమూ, ఏ శాంతీ ఒప్పుకోకండి. సోమవారం శివునికి చెంబెడు నీళ్లు పోస్తే సరిపోతుంది. గోదావరికి పోవాలనిపిస్తే కాళేశ్వరం, ధర్మపురి దగ్గరే ఉన్నాయి. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద యముడి లింగం, శివుడి లింగం రెండూ ఉంటాయి. అక్కడ ఇద్దరూ కలిసి మునిగి, కలిసి ఏడ్చి వస్తే ఎంతోకొంత తేలిక.

స్టాఫ్ నర్స్, జనగామ

పిల్లలు పోయిన తల్లుల సంగతి ఎవ్వరు రాయలే, నేను రాస్త.

కడుపుల బిడ్డ పోయినా, పుట్టి పోయినా, రెండు నుంచి నాలుగు దినాలకు పాలు వస్తయి. దీని గురించి ముందు చెప్పకుంటే ఆ తల్లి పడే బాధకు మాటల్లేవు. జాకెట్ తడిసినప్పుడల్ల బిడ్డ యాదికొస్తది. పాలు పిండొద్దు, మరీ నొప్పుంటే కొద్దిగ మాత్రమే తియ్యాలె. గట్టి గుడ్డతోని బిగించి కట్టొద్దు, గడ్డలు కడ్తయి. పట్టుగ ఉండే బాడీ (బ్రా) వేసుకోని, చల్లటి గుడ్డ పెట్టాలె. ఎండబెట్టే గోలీ ఉంది, కని బీపీ ఉన్నోళ్లకు అది పడదు, డాక్టర్‌నే అడగాలె. ఆ దినాలల్ల భర్త రొమ్ములు ముట్టుకుంటే పాలు మల్ల ఊర్తయి. ఆమె చెయ్యి తోసేస్తే కోపం చేసుకోవద్దు, కారణం గిదే.

గర్భం పోయినంక నెత్తురు ఆగేదాక కలవొద్దు, సుమారు రెండు వారాలు. కాన్పయి బిడ్డ పోతే ఆరు వారాల చెకప్ అయ్యేదాక ఆగాలె. పెద్ద పొరపాటు ఏంటిదంటే, "ఇంక నెలసరి రాలే కద" అని ఏ జాగ్రత్త లేకుంట ఉండుడు. తొలి నెలల్ల గర్భం పోతే రెండు వారాలకే మల్ల అండం విడుదల కావచ్చు. నెలసరి రాకముందే కడుపు నిలబడ్తది. ఏడ్పు తీరకముందే ఇంకో కడుపు అంటే ఆమె తట్టుకుంటదా అని అడగాల్సింది ఆమెనే.

కాన్పు తర్వాత, ముట్లుడిగినంక కూడ, యోని ఎండిపోయినట్టుంటది, మంటయితది. మనసు లేక గాదు, ఈస్ట్రోజెన్ తగ్గి. మెడికల్ షాపుల నీళ్లతోని చేసిన లూబ్రికెంట్ జెల్ దొరుకుతది. కొబ్బరినూనె వాడొచ్చు, కని నిరోధ్‌తోని గాదు, నూనె తగిలితే రబ్బరు తెగుతది.

ఇంకోటి. "పోయిన తాత మీ కడుపుల పుడ్తడు, తొందరగ కనుండ్రి" అని పెద్దలు అంటరు. ప్రేమతోనే అంటరు. కని పడక మీద ఇద్దరి నడుమ తాత వచ్చి కూసుంటే కోరిక ఎట్ల వస్తది?

పురోహితుడు, మంథని

శాస్త్ర నియమాల మీద చాలామందికి గందరగోళం ఉంది. మైల దినాల్లో బ్రహ్మచర్యం ఉంది, అందులో అనుమానం లేదు. తర్వాత కర్మ చేసిన కొడుకు మొదటి ఏడాదిలో మాసికాలు పెడతాడు. నెలకొకటి చొప్పున పన్నెండు, మధ్యలో ఊనమాసికం లాంటివి నాలుగు, మొత్తం పదహారు. మాసికం రోజు, దాని ముందు రోజు రాత్రి నియమంగా ఉండాలి. లెక్క కడితే ముప్పై రెండు రోజులు. ఏడాదంతా దీక్షగా ఉంటామంటే అది ఆ దంపతులిద్దరూ అనుకుని తీసుకునే నిర్ణయం. "ఏడాది దాకా ముట్టుకోకూడదట" అని భార్యకు చెప్పకుండా భర్త ఒక్కడే దూరం జరిగితే, అది నియమం వల్లనా, దుఃఖం వల్లనా అని ఆమెకు తెలియదు. చెప్పాలి.

ఇంకో రకం ఇబ్బంది కొత్త జంటలది. ఇంట్లో పెద్దాయన పోతే ఏడాది లోపు పెళ్లి చేస్తే మంచిదని తొందరపడతారు. తండ్రి పోయి నాలుగు నెలలైన పిల్లవాడు పెళ్లిపీటల మీద కూర్చుంటాడు. నిషేక (తొలి రాత్రి) ముహూర్తం పెట్టి గదికి పూలు కడతారు. ఆ పిల్లవాడికి గోడ మీద తండ్రి ఫొటోనే కనిపిస్తుంది, శరీరం సహకరించదు. తెల్లారి ఇల్లంతా గుసగుసలు. ముహూర్తం పెట్టేవాడిగా నేను ఖచ్చితంగా చెప్పగలను: ముహూర్తం మంచి వేళను చూపిస్తుంది, అంతే. ఆ రాత్రే కలవాలని ఎవరినీ బలవంతం చేయదు. ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకుని పడుకున్నా ముహూర్తం చెడదు. మగపెళ్లివాళ్లు పెళ్లికి ముందే అమ్మాయికి ఈ మాట చెప్పడం ధర్మం.

డాక్టర్, కరీంనగర్

మందుల గురించి ఎవరూ రాయలేదు. దుఃఖం కుంగుబాటుగా మారితే రాసే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, పారాక్సెటిన్ లాంటి మాత్రలు చాలామందికి కోరికను తగ్గిస్తాయి, స్ఖలనాన్ని, భావప్రాప్తిని ఆలస్యం చేస్తాయి. రోగి ఇది చెప్పడానికి సిగ్గుపడి మాత్ర ఒక్కసారిగా ఆపేస్తాడు. అప్పుడు తల తిరగడం, తలలో కరెంట్ కొట్టినట్టుండడం, చిరాకు మొదలవుతాయి. ఆపకండి, డాక్టర్‌కు చెప్పండి. మోతాదు తగ్గించడం, మిర్టజపిన్, బుప్రోపియాన్ లాంటి మందుకు మార్చడం, దారులు ఉన్నాయి.

మన జిల్లాల్లో ఇంకో ప్రమాదం కల్లు. దినాల నాడు మొదలైన తాగుడు అలవాటుగా నిలిచిపోతుంది. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్ కలుపుతున్నట్టు మళ్లీ మళ్లీ బయటపడింది. అవి నిద్ర పుచ్చుతాయి, కోరికనూ పడుకోబెడతాయి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. మాన్పించాలంటే ఆసుపత్రిలోనే.

భార్య పోయిన మగవాళ్లకు రెండో పెళ్లి తర్వాత అంగస్తంభన రాకపోవడం చాలా మామూలు. ఏళ్ల తరబడి రోగిష్టి భార్యకు సేవ చేసి, అలవాటు తప్పి, కొత్త మనిషి పక్కన తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది. ఇక్కడ ఒక సులువైన ఆనవాలు ఉంది. తెల్లవారుజామున స్తంభన వస్తున్నట్టయితే నరాలు, రక్తనాళాలు చాలావరకు బాగున్నట్టే, సమస్య మనసులో ఉంది. అది కూడా రాకపోతే షుగర్, బీపీ, కొలెస్టరాల్, గుండె చూపించుకోవాలి. టెస్టోస్టిరాన్ పరీక్షకు రక్తం ఉదయం 10 గంటల లోపు ఇవ్వాలి. సిల్డెనఫిల్ మాత్ర దోస్తు ఇచ్చాడని వేసుకోవద్దు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు దీన్ని వేసుకుంటే బీపీ ప్రాణం పోయేంత పడిపోతుంది.

సభ్యురాలు, మహబూబాబాద్

మరి భర్త పోయిన ఆడోళ్ల సంగతి? వాళ్లకు కోరిక ఉంటదని ఎవ్వరు ఒప్పుకోరు.

కౌన్సెలర్, కాజీపేట

ఉంటుంది. కలల్లో వస్తుంది, నిద్రలో శరీరం స్పందిస్తుంది, చాలామంది నిద్రలేచి ఏడుస్తారు. అది పోయినాయనకు ద్రోహం కాదు. శరీరానికి మరణ ధృవీకరణ పత్రం చదవడం రాదు, అలవాటైన స్పర్శను అడుగుతుంది. ఒంటరిగా తన శరీరాన్ని తాను తృప్తిపరచుకోవడం వల్ల ఆరోగ్యానికి నష్టం లేదు, ఏ లోపమూ రాదు.

కోరికకన్నా ముందు ఆకలయ్యేది స్పర్శ. బొట్టు తీసేసిన రోజు నుంచి ఆమెను ఎవరూ ముట్టుకోరు. తలకు నూనె పెట్టే చెల్లెలు, భుజం మీద చెయ్యి వేసే దోస్తు, పక్కన పండుకునే బిడ్డ, ఇవే మందు. మళ్లీ పెళ్లి చేసుకుంటానంటే చట్టం ఒప్పుకుంటుంది.

ఇక ఇద్దరూ ఉన్న జంటలకు చెప్పే పద్ధతి రాస్తాను. అమెరికా లైంగిక పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లో ప్రచారంలోకి తెచ్చింది, దుఃఖంలో ఉన్నవాళ్లకు కొద్దిగా మార్చి చెప్తాం. మొదటి రెండు వారాలు సంభోగం వద్దని ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి. ఈ ఒప్పందమే బ్రేకు మీది పెద్ద కాలును తీసేస్తుంది, ఎందుకంటే ముట్టుకుంటే "అక్కడి దాకా" పోవాలేమో అనే భయం ఉండదు. వారానికి రెండు మూడు సార్లు, ఇరవై నిమిషాల పాటు, ఒకరు ముట్టుకుంటారు, ఒకరు ఊరికే ఉంటారు, తర్వాత మారాలి. చేతులు, వీపు, తల, పాదాలు. రొమ్ములు, జననాంగాలు వద్దు. ముట్టుకునే చెయ్యి ఎదుటివాళ్లను రెచ్చగొట్టడానికి కాదు, వేడి, నునుపు, గరుకు తెలుసుకోవడానికి. మూడో వారం నుంచి ఇద్దరికీ ఇష్టమైతేనే మిగతా భాగాలు, అప్పుడూ సంభోగం వద్దు. దాని తర్వాత మెల్లగా.

మధ్యలో ఏడుపు వస్తుంది, దాదాపు అందరికీ. అప్పుడు చెయ్యి తీసేయొద్దు. "ఆపుదామా, ఇట్లనే ఉందామా" అని ఒక్క మాట అడిగి, ఆమె గానీ ఆయన గానీ చెప్పినట్టు చేయాలి. ఎక్కువ చెడిపోయేది ఎక్కడంటే, నాలుగో రోజే మంచిగుందని నియమం దాటడం. మరునాడు ఒకరికి అపరాధభావం వచ్చి నెల వెనక్కి పోతారు.

దుఃఖానికే ఒక గడువు ఉంది, పడకకు కాదు. ఆరు నెలలు దాటినా రోజులో ఎక్కువ భాగం పోయినవాళ్ల తలపుతోనే గడుస్తూ, పని చేయలేక, బతకాలని లేకపోతే అది వైద్యం కావాల్సిన దుఃఖం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఆరు నెలలు, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో తెచ్చిన సవరణలో పెద్దవాళ్లకు ఏడాది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆరు నెలలు చూడొద్దు, అదే గంటలో చేయండి.

స్టాఫ్ నర్స్, జనగామ

పంతులు గారూ, ఒక్క సంగతి. ధనిష్ఠా పంచకంల (ధనిష్ఠ కాడి నుంచి రేవతి దాక ఐదు నక్షత్రాలల్ల) పోయిండ్రని మూడు నెలలు, ఆరు నెలలు ఇల్లు విడిచిపెడ్తరు. అన్నదమ్ముల ఇంట్ల హాల్ల చాపలేసుకోని పది మంది నడుమ పండుకుంటరు. గీ కౌన్సెలర్ మేడమ్ చెప్పిన ఇరవై నిమిషాలు ఎక్కడ దొరుకుతయి?

పురోహితుడు, మంథని

నిజమే తల్లీ. ఇల్లంతా విడవాల్సిన పని లేదని చాలా ఊళ్లలో పెద్దలే ఒప్పుకుంటారు. ప్రాణం పోయిన గది ఒక్కటే మూసి, మిగతా ఇల్లు వాడుకుంటారు. గడువు నక్షత్రాన్ని బట్టి, పంచాంగాన్ని బట్టి మారుతుంది, మీ పురోహితుణ్ణి అడిగి రాయించుకోండి. ఇల్లు విడవక తప్పకపోతే చుట్టాల ఇంటికన్నా ఒక గది కిరాయికి తీసుకోండి, చిన్నదైనా తలుపు ఉంటుంది.

ఇంటికి తిరిగి వచ్చినాక దండ వేసి, మినుకు మినుకుమనే ఎర్ర బల్బు పెట్టిన ఫొటోను మంచం ఎదురుగా ఉంచకండి. రాత్రంతా ఆ వెలుగు దుప్పటి మీద పడుతూనే ఉంటుంది. హాల్లో దక్షిణం గోడకు పెట్టండి. పోయినవాళ్లు పడుకున్న మంచమే మీదైతే దాన్ని ఇంకో గోడకు జరిపి, పరుపు ఎండకు వేసి, దుప్పట్లు మార్చండి. పాతవి పారేయడానికి మనసు రాకపోతే ఉతికి, మడిచి, బీరువా పై అరలో పెట్టండి.